జవాబు చెబితే సోడా

ఎడ్ల పోటీల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఆయన ఫొటో పెట్టారు. దండ వేసిన ఫొటో. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా దిగుతూనే ఉన్నాయి. పురుగుమందు కోసం మా షాపుకొచ్చి కూర్చున్న రైతొకాయన ఫోను చూసి, మహానుభావుడు వెళ్ళిపోయాడమ్మా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మన దగ్గర చచ్చినవాళ్ళంతా మహానుభావులే. బతికుండగా ఆయన నోట్లో పడి నలగని మనిషి అద్దంకి నుంచి ఒంగోలు దాకా ఒక్కడున్నాడా అని అడిగాను. రైతు ఫోను జేబులో పెట్టుకుంటూ, నన్నూ ఒకసారి ఏకిపెట్టాడులే అని ఒప్పుకున్నాడు.

ఆయన్ని అందరూ మైకాయన అనేవాళ్ళు. ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీ ఎక్కడ జరిగినా మైకు ఆయన చేతిలోనే ఉండాలి. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను, ఈ పోటీలో రెండెడ్లు కలిసి ఇచ్చిన టైములో పెద్ద రాతిబండని ఎంత దూరం లాగితే అంత గొప్ప. ఒక జత లాగేశాక ఇంకో జతని తెచ్చి, కాడి కట్టి, గొలుసు తగిలించేదాకా జనం ఎండలో ఊరికే కూర్చోవాలి. ఆ ఖాళీలో వాళ్ళు లేచిపోకుండా చూడటం మైకు పట్టుకున్నవాడి పని. వేరేవాళ్ళయితే పాటలు పెడతారు. ఈయన ప్రశ్నలు వేసేవాడు. ఆటల మీద, దేశాల మీద. జవాబు చెబితే కమిటీవాళ్ళు సోడా ఇస్తారు. తప్పు చెబితే ఆ మనిషి పేరూ ఊరూ పట్టుకుని సాయంత్రం దాకా మైకులో ఉతికి ఆరేస్తాడు.

సన్నగా పొడుగ్గా ఉండేవాడు. నడి వేసవిలో కూడా మెడకి మఫ్లరే. గొంతు కోసమట. పెరుగు ముట్టడు, పులుసు ముట్టడు. ఏ ఊళ్ళో భోజనానికి కూర్చోబెట్టినా ఉడికించిన గుడ్లు, వేడినీళ్ళు, అంతే. మైకు అందుకోగానే జేబురుమాలుతో తుడిచి, గోరుతో టకటకమని కొట్టి, ఒకసారి ఊదేవాడు. ఆ ఊదడం వినపడితే చాలు, ఎక్కడో చేలో పత్తి తీస్తున్న ఆడవాళ్ళు కూడా ఈయనొచ్చాడే అనుకునేవాళ్ళు.

వెనక్కి నడిచినవాళ్ళు గెలిచే ఆట ఏది, ఒకప్పుడు ఒలింపిక్సులో కూడా ఆడేవాళ్ళు అని అడిగేవాడు. జనం గుటకలు మింగాక తాడులాగుడు అని తనే చెప్పేవాడు. ఇంత చిన్నది తట్టలేదేమా అని అందరూ తలలు కొట్టుకునేవాళ్ళు. ఒక ఒలింపిక్సులో మనుషులు పరిగెత్తింది ఒక ఖండంలో, గుర్రాలు పరిగెత్తింది ఇంకో ఖండంలో, ఎందుకని అడిగేవాడు. ఆస్ట్రేలియావాళ్ళు రోగాల భయంతో బయటి గుర్రాల్ని రానివ్వలేదట, పాపం వాటి పోటీ తీసుకెళ్ళి స్వీడన్‌లో పెట్టుకున్నారట. బ్రెజిల్‌లో ఒక ఫుట్‌బాల్ మైదానం ఉందట. నడిమి గీత ఇంచుమించు భూమధ్యరేఖ మీదే పడుతుందట. ఒక జట్టు ఉత్తరాన, ఒక జట్టు దక్షిణాన నిలబడి ఆడతారు, సగం ఆటయ్యాక అర్ధగోళాలు మార్చుకుంటారు. జపాన్‌వాళ్ళిద్దరు కర్ర పట్టుకుని పైకి దూకే పోటీలో రెండో స్థానంలో సమానంగా నిలిచి, వెండి పతకాన్నీ కంచు పతకాన్నీ చెరో సగం కోసి అతికించుకున్నారట. లండన్‌లో టెన్నిస్ ఆడే చోట పావురాల్ని తరమడానికి ఒక డేగని పెట్టుకున్నారని చెప్పి, ముందు వరసలో కూర్చున్న డిగ్రీ కుర్రాణ్ణి చూపించి, దానికి ఉద్యోగం ఉంది, నీ సంగతేంట్రా అనేవాడు. నవ్వేవాళ్ళం. మన మీదికి రానంతసేపూ అది ఎంత బాగుండేదో.

నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్నలంటే నాకు పిచ్చి. ఏ దేశం ఎక్కడుందో బడిలో తెలియలేదు నాకు, ఆ మైకులోనే తెలిసింది. మా ఎడ్లు పోటీలో లేనప్పుడు కూడా నీడ చూసుకుని కూర్చుని వినేదాన్ని. ఒకసారి ఒక రైతు నోరు తెరిచి తడబడుతుంటే పక్కనున్న భార్య మెల్లగా జవాబు అందించింది. ఈయన చెవి పాము చెవి. అందిస్తే చెల్లదు, కూర్చోండి అన్నాడు. అక్కడితో ఆపితే ఆయనెందుకవుతాడు? ఆ ఇంట్లో కాడి ఎవరి మెడమీదుందో ఇప్పుడు తెలిసిందండీ అన్నాడు. ఆ దంపతులు మధ్యాహ్నం భోజనానిక్కూడా ఆగకుండా బండెక్కి వెళ్ళిపోయారు.

మాకు పురుగుమందుల షాపు. మా వ్యాపారంలో అమ్మకాల టార్గెట్ దాటితే కంపెనీవాళ్ళు డీలర్లని విదేశాలకి తిప్పుకొస్తారు. అలా మా ఆయన బ్యాంకాక్ వెళ్ళొచ్చాడు. వచ్చాక పోటీల దగ్గర నలుగురిలో నిలబడి అక్కడి రోడ్లు, అక్కడి అద్దాల మేడలు అంటూ కోతలు కోస్తుంటే మైకాయన చెవిన పడింది. షావుకారు గారూ, మీరు చూసొచ్చిన దేశంలో బాక్సింగు మొదలయ్యే ముందు ఆటగాళ్ళు ఏం చేస్తారండీ అని మైకులోనే అడిగాడు. మా ఆయన కొట్టుకుంటారండీ అన్నాడు. కాదు, గురువులకి దణ్ణం పెట్టుకుంటూ నాట్యం చేస్తారు. విమానమెక్కి వెళ్ళి బఫే తినొచ్చారన్నమాట అన్నాడు. ఇంకేముంది, ఆ సీజనంతా మా ఆయన పేరు బఫే గారు. షాపుకొచ్చే రైతులు కూడా చాటుగా అదే పిలుపు.

మైకాయన మంట వెనక అసూయ ఉందని నాకు తెలుసు. అందరికీ తెలుసు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ పాస్‌పోర్టు ఉండేది, ఒక్క ముద్రా పడనిది. గడువు తీరితే మళ్ళీ తీయించుకునేవాడు. పోయేలోపల ఒక్క అంతర్జాతీయ పోటీ గ్యాలరీలో కూర్చుని చూడాలండీ, అంతకుమించి నాకేం వద్దు అని ప్రతి ఊళ్ళోనూ ప్రదర్శన ముగిసేటప్పుడు చెప్పేవాడు. అంతసేపూ తిట్టిన గొంతు అక్కడ కాస్త తగ్గేది. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఇక మా చంటోడి సంగతి. వాడు పుట్టగానే తల్లి ఆవు చచ్చిపోయింది. పాలసీసా పట్టి పెంచాను. అందుకే ఆ పేరు. బండ లాగే వయసొచ్చి, మూపురం నా తలకన్నా ఎత్తు పెరిగినా, నేను పెరట్లోకి వస్తే చాలు సీసా ఉందేమోనని నా కొంగు నాకేవాడు. ఉలవలు ఉడికించి, బెల్లం కలిపి, ముద్దలు చేసి నా చేత్తో పెడితేనే తినేవాడు. మా ఆయన పైకి ఏమీ అనడు గానీ, షాపు మూసి ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కోకుండా కొట్టంలోకి వెళ్ళేవాడు.

ఉగాది దాటాక ఒంగోలు దగ్గర ఒక ఊళ్ళో పోటీ. కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి, గాలి వీస్తే కళ్ళు మండుతున్నాయి. వద్దు, ఎండ ఎక్కువగా ఉందని నేనన్నాను. మన వంతు పొద్దున్నే వస్తుందిలే అన్నాడు మా ఆయన. కమిటీవాళ్ళు ఎవరో పెద్దమనుషుల కోసం ఆపి ఆపి మిట్టమధ్యాహ్నం చేశారు. మా జత బండని లాగడం మొదలుపెట్టిన కొద్దిసేపటికే చంటోడి ముందుకాళ్ళు మడతపడ్డాయి. నాలుక బయటికొచ్చింది. మనుషులు పరిగెత్తుకెళ్ళి కాడి విప్పి, కడుపు కింద చేతులు వేసి లేపుతున్నారు. ఎవరో బిందెతో నీళ్ళు పోస్తున్నారు. మా ఆయన వాడి తల ఒళ్ళో పెట్టుకుని ఆ మట్టిలో కూర్చున్నాడు.

అప్పుడు మైకు ఊదిన చప్పుడు వినపడింది. ప్రేక్షక మహాశయులకి ఒక ప్రశ్న అన్నాడు. పూర్వం లండన్ ఒలింపిక్సులో సుదూర పరుగు చివర్లో ఇటలీ ఆయన ఒకడు కుప్పకూలాడు. నిర్వాహకులే పట్టుకుని లేపి గీత దాటించారు. అందరికంటే ముందు దాటాడు. మరి అతనికి పతకం ఇచ్చారా, ఇవ్వలేదా? జనం ఇచ్చారని కొందరు, లేదని కొందరు అరిచారు. ఇవ్వలేదండీ, పట్టుకుని దాటిస్తే చెల్లదు, కాబట్టి బఫే గారి అనుచరులు ఆ ఎద్దుని ఎంత మోసినా ఉపయోగం లేదు అన్నాడు. మైదానమంతా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నవ్వినవాళ్ళలో మాకు భోజనం వడ్డించినవాళ్ళు కూడా ఉన్నారు.

లారీలో ఇంటికి తెస్తుంటే మేదరమెట్ల దగ్గర చంటోడు ప్రాణం వదిలాడు. మా ఆయన ఏడవలేదు, ఎవర్నీ ఏమీ అనలేదు. నేనైతే ఆ మైకాయన గొంతు పడిపోవాలని కనపడిన దేవుడికల్లా మొక్కాను. పడిపోలేదు.

రెండేళ్ళు గడిచాయి. ఆ ఏడు మిరప తోటలకి నల్ల తామరపురుగు తగిలింది. ఏ మందు కొట్టినా చావదు, అయినా రైతులు కొడుతూనే ఉన్నారు. తోటలు మాడిపోయాయి, మా షాపు టార్గెట్ దాటిపోయింది. సిగ్గుపడాల్సిన మాటే గానీ జరిగింది అదే. కంపెనీవాళ్ళు మా షాపుకి మూడు సీట్లు ఇచ్చారు. దోహా ప్రయాణం, అక్కడ ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు చూపిస్తారట. నువ్వూ నేనూ, మూడో సీటు మైకాయనకి అన్నాడు మా ఆయన. నేను నమ్మలేకపోయాను. పోనీలే, ముసలితనంలో ఆయన కోరిక తీరుతుంది అన్నాడు. నా మొగుడు ఇంత పెద్ద మనసున్నవాడా అని ప్రయాణానికి గోంగూర పచ్చడి రెండు సీసాలు ఎక్కువ కట్టాను, పులుపు ముట్టడని తెలిసీ మైకాయనకి ఒకటి.

ప్రయాణమంతా ఆయన్ని చూడాలి. పాస్‌పోర్టులో ముద్ర పడగానే తడి ఆరేదాకా ఊది, జేబులో పెట్టి, మళ్ళీ తీసి చూసుకున్నాడు. మేం చూడబోయే స్టేడియం ఓడల్లో సరుకు పంపే ఇనపడబ్బాలతో కట్టారట. గుంటూరు నుంచి మన మిర్చి వెళ్ళే డబ్బాల్లాంటివే. ఎన్ని డబ్బాలు వాడారో అదే అంకె ఆ దేశం ఫోన్ కోడట. ఈ మాట విమానంలో అందరికీ చెప్పాడు, హోటల్లో గది ఊడ్చే మనిషిక్కూడా చెప్పాడు. ఒక్కర్నీ తిట్టలేదు. ఆట రోజు కొత్త తెల్లచొక్కా వేసుకుని, మఫ్లరు గదిలో వదిలేసి వచ్చాడు. ఇవాళ నా గొంతుతో పనిలేదమ్మా అన్నాడు.

గేటు దగ్గరికి వెళ్ళాం. రంగురంగుల డబ్బాలు కొండలా పేర్చి ఉన్నాయి. లోపల అప్పుడే జనం హోరు. మూడు టిక్కెట్లూ మా ఆయన ఫోనులో ఉన్నాయి. ఆయన ఫోను తీశాడు గానీ గేటు వైపు కదలకుండా పక్కకి జరిగాడు.

"ఒక ప్రశ్న అడుగుతానండీ. జవాబు చెబితే లోపలికెళ్దాం" అన్నాడు.

మైకాయన నవ్వి, అడగండి షావుకారు గారూ అన్నాడు. చొక్కా కాలరు కూడా సర్దుకున్నాడు.

"ఆ రోజు మీరు జనాన్ని నవ్వించారే, పడిపోయిన నా ఎద్దు. దాని పేరేంటి?"

పెద్ద మనసూ లేదు, పాడూ లేదు. రెండేళ్ళు కడుపులో పెట్టుకుని, సముద్రం దాటించి, గేటు ముందు నిలబెట్టాడు. మైకాయన ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియనట్టు. పోటీల్లో యజమాని పేరూ ఊరి పేరూ చదువుతాడాయన, ఎద్దు పేరు ఎప్పుడూ చదవలేదు. కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. రాముడా, బసవడా అని వెతుక్కుంటున్నాడు కాబోలు. లోపల మళ్ళీ హోరెత్తింది. ఆ శబ్దానికి ఆయన ఒళ్ళు అటు తిరిగింది.

నేను ఆయన పక్కనే ఉన్నాను. చంటోడి చావు నాకు మాత్రం తక్కువ మంటా? అయినా ఆ ముసలి మెడ, మఫ్లరు లేని మెడ, చూడలేకపోయాను. మా ఆయన ఫోను వైపు చూస్తున్నప్పుడు పెదవి కదపకుండా చంటోడు అన్నాను.

మైకాయన కళ్ళు తెరిచి నన్ను చూశాడు. విన్నాడు. ఆ చెవి తప్పిపోయేది కాదు.

"అమ్మా, అందిస్తే చెల్లదు" అన్నాడు. తర్వాత మా ఆయనవైపు తిరిగి, తెలియదండీ అన్నాడు.

అయితే ఇక్కడే ఉండండి, అయ్యాక వచ్చి తీసుకెళ్తాం అని మా ఆయన గేటు వైపు నడిచాడు. నేనూ వెళ్ళాను. ఆగిపోయానని చెబితే బాగుంటుంది, కానీ ఆగలేదు. లోపల కూర్చున్నాం. ఎవరు ఎవరితో ఆడారో నాకు గుర్తులేదు. మా ఆయన ఆముదం తాగినట్టు ముఖం పెట్టుకుని, గోలు పడ్డప్పుడల్లా అందరూ లేస్తుంటే తనొక్కడూ కూర్చునే ఉన్నాడు. బయటికొచ్చేసరికి మైకాయన వదిలిన చోటే నిలబడి ఉన్నాడు. ఆట గురించి ఒక్క మాట అడగలేదు.

శివరాత్రి పోటీలు మొదలయ్యాయి. మైకాయన ప్రపంచ కప్పు చూసొచ్చాడని జిల్లా అంతా పాకింది. చెప్పండి చెప్పండి అని జనం ఒకటే గోల. గేటు దాకా వెళ్ళానండీ, ఒక ప్రశ్నకి జవాబు రాలేదు, ఆగిపోయాను అన్నాడు. జనం వేళాకోళమనుకుని నవ్వారు. ఆయన మైకు గోరుతో కొట్టి, అయితే ఇదే ప్రశ్న మీకు అన్నాడు. మన గడ్డ మీద, బండ లాగుతూ పడిపోయి, నేను నవ్వించగా మీరు నవ్వితే, ఇల్లు చేరకుండానే చచ్చిపోయిన ఎద్దు పేరేమిటి? జవాబు చెబితే సోడా. ఎవరూ చెప్పలేదు. చంటోడు అని తనే చెప్పాడు.

తర్వాతి ఊళ్ళో మళ్ళీ అదే ప్రశ్న. ఆ తర్వాత ఊళ్ళోనూ. నెల తిరక్కుండా పిల్లలకి కంఠతా వచ్చేసింది. ప్రశ్న పూర్తికాకముందే చంటోడు, చంటోడు అని సోడా కోసం ఎగబడేవాళ్ళు. తాడులాగుడు, భూమధ్యరేఖ, డేగ, చంటోడు. మా ఆయన పోటీలకి వెళ్ళడం మానేశాడు, ఉన్న జతని అమ్మేశాడు. షాపులో ఎవరైనా ఆ మాట ఎత్తితే లేచి గోడౌన్లోకి వెళ్ళేవాడు. కొట్టం ఖాళీ అయింది.

నాకు మనసాగలేదు. దర్శి వైపు ఒక ఊళ్ళో పోటీ ఉందని తెలిసి ఆటో కట్టించుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. ఆయన షామియానా కింద వేడినీళ్ళు తాగుతున్నాడు. గొంతు అప్పటికే బొంగురుపోయింది. ఆ పేరు నేనే మీ చెవిన వేశాను, నా బిడ్డలాంటివాడు, ఇక చాలు, ఆపండి అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఇప్పుడు ఆ పేరు తెలియనివాడు ఈ చుట్టుపక్కల లేడమ్మా. షావుకారు గారు అడిగింది అదేగా."

"సోడా కోసం అరుస్తున్నారయ్యా వాడి పేరు."

"అవునమ్మా. నేనడిగేవన్నీ అంతే. ఎక్కడో ఎవరో పడ్డారు, ఎవరో ఏడ్చారు. మనం సోడా తాగాం."

చెంప మీద కొట్టాలనిపించింది. కమిటీవాళ్ళు పిలిస్తే ఆయన లేచి వెళ్ళి మైకు అందుకున్నాడు. తుడిచాడు, కొట్టాడు, ఊదాడు. నా ఎదుటే, నన్ను చూస్తూనే, ఆ ప్రశ్న వేశాడు. ఆ ఊరు కొత్త ఊరు. పోటీలు పెట్టడం అదే మొదలట. ఒక్కరికీ తెలియదు. ఒకడు రాముడు అన్నాడు, ఒకడు నంది అన్నాడు. జనం నవ్వుతున్నారు. ఆయన తిట్టకుండా, తనూ చెప్పకుండా, మైకు పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. ఎంతసేపో.

ఎవరో వెనకనుంచి, ఏదో పనికిమాలిన ఎద్దులే, వేరేది అడగండి అని అరిచారు.

నేను లేచి నిలబడి చంటోడు అన్నాను. గొంతు చాల్లేదు. మళ్ళీ అరిచాను. మైదానమంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది. కరెక్టు, అమ్మకి సోడా ఇవ్వండి అన్నాడు ఆయన. చప్పట్లు కొట్టారు. సోడా కొట్టి, పొంగుతుంటే తెచ్చి నా చేతిలో పెట్టారు.

తాగాను. చల్లగా ఉంది.